మునిరత్నమ్మ కంటి పరీక్ష

పూలగుంట స్టేషన్లో మునిరత్నమ్మ కళ్ళకున్న పేరు స్టేషను మాస్టరు గోడ గడియారానికి కూడా లేదు. పాకాలకూ చిత్తూరుకూ మధ్యనున్న చిన్న స్టేషనది. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద నీళ్ళ కుండల మధ్య నిలబడి, దూరాన ఊరి బయటి ఔటరు సిగ్నలు అవతల పొగ లేవగానే ఆమె చెప్పేసేది.

"తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్న డ్రైవరు వస్తా ఉండాడు. మూడో పెట్టెలో గుండ్లోళ్ళు నిండుగా ఉండారు. ఇంకో కుండ నీళ్ళు తేవాల."

బండి వచ్చి ఆగితే అంతా అట్లాగే ఉండేది. ఇంజను నంబరొక్కటి తప్ప ఆమె చెప్పలేనిది లేదు. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చే యాత్రికులు, గుండ్ల మీద గంధం ఎండిపోయి, కిటికీల్లోంచి దోసిళ్ళు చాపేవాళ్ళు. మునిరత్నమ్మ ముక్కుచెంబుతో ధారగా పోసేది. కొందరు లడ్డు చిదిమి ఇంత ముక్క చేతిలో పెట్టేవాళ్ళు. దాన్ని కొంగున కట్టుకొనిపోయి అత్త మునెమ్మకు పెట్టేది.

ఎండాకాలం మూడు నెలలూ నీళ్ళు పోయడానికి రైల్వేవాళ్ళు ఏటా ఆమెను పెట్టుకొనేవాళ్ళు. మొగుడు కుప్పయ్య అదే స్టేషన్లో పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. ఎనభై ఒకటిలో వానలు పడే రోజుల్లో పచ్చకామెర్లొచ్చి పోయాడు. పిల్లల్లేరు. స్టేషను వెనక ఒక గది, ఒక పంచ ఉన్న రైల్వే క్వార్టరులో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. మొగుడు పోతే పెళ్ళానికి రైల్వేలో పని ఇస్తారు. పని వస్తే ఆ ఇల్లు నిలుస్తుంది. రాకపోతే ఖాళీ చెయ్యాలి. సంగతి అంతే.

ఆ పని కాగితాలు చూసేందుకు పాకాల నుంచి వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు ముకుందం వచ్చేవాడు. నుదుట తిరుచూర్ణం గీత, చంకలో తోలుసంచి. మంచివాడు. ఒక్కటే బలహీనత, రైల్వే గొప్ప చెప్పుకోకపోతే ఆయనకు టీ గొంతు దిగదు.

"లోకం మొత్తం మీద ఇంతమందికి పని ఇచ్చేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, తెలుసునా? పదిహేను లక్షల మందికి పైనేనయ్యా మనం!" అన్నాడు దరఖాస్తు తెచ్చిన రోజు, టీ అంగడి వరదయ్య ముందు గ్లాసు పట్టుకొని.

"మా దేవస్థానం కంటేనా సార్?" అన్నాడు వరదయ్య. వాళ్ళక్క కొడుకు తిరుమల వంటశాలలో పనిచేస్తాడు. "ఆడ లడ్లు చుట్టేవాళ్ళే ఎందరో. గుండ్లు గీసేవాళ్ళు ఇంకెందరో."

"మీ దేవస్థానాన్ని మొత్తం తెచ్చి మా గ్యాంగుల్లో కలిపితే, సంగట్లో ఉప్పుకల్లు మాదిరి కరిగిపోతుంది."

"అట్లనొద్దు సార్," అన్నాడు పాయింట్స్‌మన్ దామోదరం లెంపలేసుకొని. పట్టాలు మార్చడం, సిగ్నలు తీగలు చూడడం అతని పని. కుప్పయ్యకు అన్నలాంటివాడు. మొగుని నోటి అలవాటే వచ్చి మునిరత్నమ్మా అతన్ని అన్నా అనే పిలిచేది. "ఆ సామి ఉండబట్టే మన బండ్లు నిండేది. కరిగితే ఆయన్లో మనమే కరగాల."

అందరూ నవ్వారు. మునిరత్నమ్మ నవ్వలేదు. పదిహేను లక్షలంటే ఎంతో ఆలోచిస్తూ ఉంది. ఒకసారి తిరుపతి గంగజాతరకు పోయి, ఆ తొక్కిడిలో ఒక చెప్పు పోగొట్టుకొని ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. అట్లాంటి జాతరలు ఎన్ని కలిస్తే అంత జనమవుతుందో. అంత జనంలో తను పోగొట్టుకొనేది ఏదైనా మళ్ళీ దొరుకుతుందా అనిపించింది.

ముకుందం దరఖాస్తు తీసి ఆమె చేత సంతకం పెట్టించుకొన్నాడు. కుప్పయ్య బతికున్న రోజుల్లో ముగ్గు నేర్పినట్టు నేర్పిన ఐదక్షరాలవి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ మెలిక తిప్పాలో చేతికి తెలుసు. ఏ అక్షరాన్ని ఏమంటారో మాత్రం తెలియదు. సంతకం గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

"బలే రాసినావే తల్లీ! ఐదు దాకా చదివినట్టున్నావు," అన్నాడు ముకుందం.

మునిరత్నమ్మ అవుననలేదు, కాదనలేదు. చుట్టూ ఆరుగురు మగవాళ్ళు. తల వంచుకొంది. ముకుందం 'ఐదో తరగతి' అని రాసుకొన్నాడు.

అదీ మొదలు.

పదిరోజులకు వైద్యపరీక్ష వచ్చింది. రైల్వే ఆస్పత్రిలో ఎత్తు చూశారు, బరువు చూశారు, గుండె చూశారు. చివరిది కంటి పరీక్ష. గోడకు ఒక అట్ట. పైన ఒక పెద్ద అక్షరం, దాని కింద కొంచెం చిన్నవి రెండు, ఆ కింద ఇంకా చిన్నవి. ఆమె వెనక పని కోసం వచ్చిన మగవాళ్ళు వరసగా బల్ల మీద కూర్చొని ఉన్నారు. కంపౌండరు కాగితం చూసి "ఐదో తరగతి" అని, బెత్తంతో పై అక్షరాన్ని తాకాడు.

"ఏముంది?"

ఏముందో ఆమెకు బ్రహ్మాండంగా కనిపిస్తూ ఉంది. అక్షరం మీద వాలిన ఈగ కాళ్ళు నులుముకోవడం కూడా కనిపిస్తూ ఉంది. కానీ దాని పేరేమిటి? చదువు రాదంటే, మరి ఐదో తరగతి అని ఎందుకు రాయించావని అడుగుతారు. దొంగరాత రాయించిందంటారు. సర్కారు కాగితం మీద అబద్ధానికి జైలంటారు. వెనక బల్ల మీద ఎవడో దగ్గాడు.

"కనపళ్ళా సామీ," అంది మునిరత్నమ్మ.

"ఇంత పెద్దదా?"

"మసగ్గా ఉండాది."

కింది వరసలు అడగనే లేదు. కంపౌండరు ఏదో గీకాడు. చూపు చాలదని, పనికి తగదని వారంలో కాగితం వచ్చింది.

ఆ కాగితం ముకుందం చదివి వినిపించి పోయాక, మునెమ్మ పంచలో కాళ్ళు చాపుకొని, తడిమి తడిమి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కోడలి వైపు తిరిగింది. ముసలామెకు మూడేళ్ళ కిందట ఉచిత శిబిరంలో కంట్లో పొర తీశారు. వాళ్ళిచ్చిన సోడాబుడ్డి అద్దాలు నిరుడు నీళ్ళు చేదుతుండగా బావిలో పడిపోయాయి. అప్పటినుంచి ఆమెకు లోకమంతా గంజినీళ్ళే.

"ఏమే, నీకు కండ్లు కనపడవా? పెళ్ళిచూపుల్నాడు దొంతి మీద పిల్లి మూతికి పాలంటుకోనుంటే వాకిట్లో నుంచి చూసి చెప్పినదానివి!"

"మెల్లగా మాట్లాడత్తా. గోడకు చెవులుండాయి."

"ఉంటే ఉండనీ. నీకు కండ్లు లేవంటే నమ్మినోనికే కండ్లు లేవు. అచ్చరాలు రాక కనపడవనేస్తివా? చదువు రాదని చెప్పేదానికి సిగ్గెందుకే? నాకు రాదు. మా అమ్మకు రాదు. మేమేమన్నా సంగటి చెవుల్తో తిన్నామా?"

"సంతకం చూసి ఆయనే అనుకొన్నాడు. నేను నోరు మూసుకొని ఊరుకుంటి. ఇప్పుడు చెప్తే జైలు. నువ్వెవురికన్నా చెప్తే నా మీద ఒట్టు."

మునెమ్మ నొసలు కొట్టుకొంది. కానీ ఒట్టంటే ఒట్టే.

నెలలోపల అప్పీలు పెట్టుకొంటే గుంతకల్లు పెద్దాస్పత్రిలో రెండోసారి చూస్తారని ముకుందం చెప్పి, ఆ కాగితం తనే రాసి పంపాడు. ఆయన జాలిగుండె అంతటితో ఆగలేదు. "అద్దాలు పెట్టుకొంటే చూపు సరిపోవచ్చు. తీసుకొనిపో," అని దామోదరానికి చెప్పాడు. దామోదరం సెలవు పెట్టి ఆమెను చిత్తూరు అద్దాలంగడికి తీసుకొనిపోయాడు. తమ్ముని పెళ్ళాం కోసం ఆ మాత్రం చెయ్యకూడదా?

అంగట్లోనూ గోడకు అదే రకం అట్ట. అంగడతను ఆమె ముక్కు మీద ఇనప చట్రం పెట్టి ఒక్కో అద్దం మారుస్తూ "ఇప్పుడు?" అన్నాడు. "కనపళ్ళా." "ఇప్పుడు?" "కనపళ్ళా." పెట్టెలోని అద్దాలు తరిగిపోతూ వచ్చాయి. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. అతని మొహం చూసి మునిరత్నమ్మకు పాపమనిపించింది. అన్నింటికంటే లావుపాటి అద్దం దగ్గర, "ఆ... ఇప్పుడు ఏందో ఉన్నట్టు తెలస్తా ఉండాది," అంది. అతను ఇక ఒక్క మాట అడిగితే ఒట్టు.

ఆ అద్దాలతో ఆమె నడక చూడాలి. పట్టాలు పాముల్లా వంకర్లు తిరిగేవి. ప్లాట్‌ఫారం అంచు ఎక్కడుందో తెలియక కాలితో వెతుక్కొనేది. మొదటిరోజే దోసిలి పట్టినాయన దోసిట్లో కాకుండా జుబ్బా మీద చెంబెడు నీళ్ళు పోసింది.

"అమ్మయ్యా! గుండు గీసేటప్పుడు అయింది గదా తానం. మళ్ళీ ఇంకోసారా?" అన్నాడు ఆ యాత్రికుడు. పెట్టె పెట్టెంతా నవ్వింది.

ఇంటికి రాగానే ఆమె అద్దాలు తీసి గూట్లో పెట్టేది. మూడోరోజు చూస్తే అవి మునెమ్మ ముక్కు మీద ఉన్నాయి. ముసలామె చేటను మోకాళ్ళ మీద పెట్టుకొని రాళ్ళు టకటకా ఏరేస్తూ ఉంది.

"అత్తా! అవి నావి!"

"స్టేషన్లో నీవి, ఇంట్లో నావి. నీకు చూపు పోగొట్టే అద్దాలు నాకు తెచ్చి పెట్టినాయే! ఏందే నీ చెంపన ఆ మచ్చ? పుట్టుమచ్చా, మసా?"

"పుట్టుమచ్చే. పుట్టినప్పట్నుంచీ ఉండాది."

"నిరుటి నుంచి చెరిగిపోయిందనుకుంటి," అంది మునెమ్మ తృప్తిగా. ఇంకో రాయి తీసి పారేసింది.

అట్లా పదిరోజులు గడిచాయి. మే నెల ఎండలు మండిపోతున్నాయి. ఒకరోజు పన్నెండు గంటలకు తిరుపతి నుంచి కాట్పాడి పోయే బండి రావలసి ఉంది. దామోదరం సిగ్నలు లాగి వచ్చి వేపచెట్టు నీడలో బీడీ ముట్టించాడు. మునిరత్నమ్మ కుండ మీద మూత సర్దుతూ, చాలా రోజుల అలవాటు చొప్పున, అద్దాలు నుదుటి మీదికి తోసి ఔటరు వైపు చూసింది.

"అన్నా, సిగ్నలు చెయ్యి సరిగ్గా దిగలే. సగంలో వేలాడతా ఉండాది. ఎండకు తీగ సాగినట్టుండాది చూడు."

దామోదరం చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. అతనికి అక్కడ ఒక పుల్ల నిలబడినట్టు మాత్రమే ఉంది. అయినా ఎందుకైనా మంచిదని పరుగెత్తాడు. పోయి చూస్తే నిజమే. సిగ్నలు చెయ్యి పైనా కాక, కిందా కాక ఊగుతూ ఉంది. డ్రైవరు చూస్తే పొమ్మన్నారా ఆగమన్నారా తెలియక బండిని ఎండలో నిలిపేసేవాడే. తీగ బిగించి వచ్చేసరికి బండి కూత వినపడింది.

బండి పోయాక దామోదరం మళ్ళీ బీడీ ముట్టించలేదు. ఆమె ఎదుట గొంతుక్కూర్చొన్నాడు.

"ఏం మే, నిజం చెప్పు. అద్దాలు తీసి గదా నువ్వు చూసింది?"

మునిరత్నమ్మ చెంబు కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదు. సంతకం దగ్గర మొదలుపెట్టి ఈగ కాళ్ళ దాకా అంతా చెప్పేసింది. దామోదరం విని విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఓసి పిచ్చిదానా. ఇంతేనా? నాకు మాత్రం చదువొచ్చునా?"

"నీకా? మరి నువ్వెట్ల..."

"కంఠతా! పనిలో చేరేటప్పుడు మా మామ నేర్పించినాడు. ఆ అట్ట యాడ చూసినా ఒకటే. పైన 'గ'. దాని కింద 'ప, ల'. ఆ కింద 'న, వ, ర'. నాలుగేండ్లకొకసారి పిలస్తారు, పద్యం మాదిరి అప్పజెప్పి వస్తా. ముప్పై ఏండ్లయింది. నువ్వూ పట్టు. గుంతకల్లు పరీక్షకు ఇంకా పన్నెండు రోజులుండాయి."

ఆ సాయంత్రం నుంచి పంచలో పాఠం మొదలైంది. మునిరత్నమ్మకు 'న, వ, ర' దగ్గర తడబాటు. పక్కన కూర్చొన్న మునెమ్మకు మాత్రం రెండురోజుల్లో అట్ట మొత్తం నోటికొచ్చేసింది. రోకటి పాట మాదిరి రాగం తీస్తూ పాడుకొనేది. "ఈ పరీచ్చకు నన్ను పంపండప్పా, ఎట్లనూ అద్దాలు నా కాడే ఉండాయి," అనేది.

అయిదోరోజు మునిరత్నమ్మ పాఠం మధ్యలో ఆగిపోయింది.

"అన్నా, నాకు కనపడతాది గదా."

"కనపడతాది."

"మరి కనపడేదాన్ని కనపడిందని చెప్పేదానికి ఈ దొంగ పాఠమెందుకు? మళ్ళా నాలుగేండ్లకు పిలస్తారు. మళ్ళా ఇదే పాఠం. అప్పుడు ఒక అబద్ధం చెప్పి చూపు లేదనిపించుకుంటి. ఇప్పుడింకొకటి చెప్పి ఉండాదనిపించుకోవాల్నా?"

"అదీ మాట!" అంది మునెమ్మ. "ఉండే కండ్లకు దొంగసాచ్చమెందుకే? పొయ్యి ఆ నామాలాయనతో చెప్పు. జైల్లో పెడితే పెట్టనీ, నేనూ వస్తా. ఆడా బియ్యంలో రాళ్ళుంటాయంట, ఏరి పెడతా."

బుధవారం ముకుందం వచ్చాడు. ఆయన వరదయ్య అంగట్లో గ్లాసు అందుకొని ఇంకా మొదటి గుక్క తాగకముందే మునిరత్నమ్మ ఎదురుగా పోయి నిలబడింది. తోడుగా దామోదరం వచ్చాడు గానీ, నాలుగడుగుల వెనక స్తంభం చాటున నిలబడ్డాడు.

"సార్, నాకు చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. పేరు మాత్రం గీకుతా. ఆపొద్దు అట్ట కనపడలేదనింది అబద్ధం. బాగా కనపడింది. అదేందో తెలీలేదు, అంతే. నన్ను ఏం చేస్తారో చెయ్యండి. ఆ ఇల్లు మాత్రం మా అత్త ఉన్నన్నాళ్ళు..."

ముకుందం గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, మనం ఎంతమందిమని చెప్పినాను?"

"పదిహేను లక్షలు సార్."

"ఆ పదిహేను లక్షల్లో పార పట్టేవాళ్ళు, బొగ్గెత్తేవాళ్ళు, పట్టాలు మోసేవాళ్ళు ఎందరు? వాళ్ళందరూ బళ్ళో చదివి వచ్చినారనుకొన్నావా? చదువు రానివాళ్ళ కోసం వేరే అట్ట ఉంది తల్లీ! అందులో అక్షరాలే ఉండవు. కంకర ఎత్తే మూడు పళ్ళ పార మాదిరి గుర్తు. పళ్ళు పైకున్నాయా, కిందికున్నాయా, ఏ పక్కకున్నాయో చేత్తో చూపిస్తే చాలు. మీ అమ్మమ్మ పుట్టకముందే అట్లాంటివి ఉండుంటాయి. నేను ఐదో తరగతి అని రాసినందుకు వాళ్ళు అక్షరాల అట్ట పెట్టినారు. అడక్కుండా రాసింది నేను. తప్పు నాది."

స్తంభం వెనక ఏదో దబ్బుమని పడింది. దామోదరం చేతిలోని పచ్చజెండా కర్ర.

"అక్షరాల్లేని అట్ట ఉండాదా?" అన్నాడు దామోదరం బయటికొచ్చి. మొహం పాలిపోయింది. "ముప్పై ఏండ్లు! ప్రతిసారీ ముందురోజు జొరమొచ్చేది సార్ నాకు! ఒక్క నా కొడుకన్నా చెప్పలేదే ఆ అట్ట సంగతి!"

ముకుందం చటుక్కున రెండు చెవులూ మూసుకొన్నాడు. "నేనేమీ వినలేదు. దామోదరం, నువ్వేమీ అనలేదు. వరదయ్యా, ఇంకొక టీ."

"విని ఉంటే మేలు సార్," అన్నాడు వరదయ్య. "మా దేవస్థానంలో అయితే..."

"నీ దేవస్థానం నువ్వు మూసిపెట్టు."

ముకుందం అప్పుడే తోలుసంచి తెరిచి, పాత దరఖాస్తు నకలు తీసి 'ఐదో తరగతి' కొట్టేశాడు. పక్కన 'చదువు రాదు, సంతకం చేయగలరు' అని రాసి కింద తన సంతకం పెట్టాడు. అప్పీలు కాగితం కూడా మళ్ళీ రాశాడు. ఆ మాటలు ఆయన చదివి వినిపిస్తుంటే మునిరత్నమ్మకు సిగ్గు కలగలేదు. నెలరోజులుగా కాలిలో ఉన్న ముల్లు లాగినట్టయింది.

గుంతకల్లులో కళ్ళ డాక్టరు వయసు మళ్ళిన ఆడమనిషి. కాగితం చూసి అట్ట మార్చింది. మునిరత్నమ్మ కళ్ళకు అద్దాల్లేవు. అవి ఇంట్లో మునెమ్మ ముక్కు మీద ఉన్నాయి. డాక్టరమ్మ ఒక్కో గుర్తూ తాకింది. మునిరత్నమ్మ చెయ్యి సిగ్నలు చెయ్యిలా లేచింది, దిగింది, కుడికి సాగింది, ఎడమకు సాగింది. పై వరస, మధ్య వరస, కింది వరస. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి. తరువాత ఎరుపూ పచ్చా దీపాలు చూపారు. అవి పొద్దున లేస్తే చూసేవే.

"చాలమ్మా. అయిపోయింది," అంది డాక్టరమ్మ.

"అమ్మా, ఇంకొక వరస ఉండాదే."

"ఎక్కడ? ఇదే ఆఖరు."

"కాదమ్మా. అట్ట అడుగున, ఆ మేకు పక్కన. చీమలు బారు కట్టినట్టు సన్నగా ఏందో రాసుండాది. పారలు కావు, అక్షరాలు. అది చదవమంటే మాత్రం నాకు రాదు."

డాక్టరమ్మ లేచి పోయి, వంగి, కళ్ళజోడు ముక్కు మీద కిందికి దించుకొని చూసింది. అట్ట అచ్చువేసిన ప్రెస్సు పేరు.

"పద్దెనిమిదేళ్ళుగా ఈ అట్ట ముందు కూర్చుంటున్నాను," అంది. "ఇది ఉన్నట్టు నాకే తెలియదు." మళ్ళీ కూర్చొని కాగితం మీద ఒకే ఒక మాట రాసింది. ఆ మాట ఏమిటో ఈసారి చదివి వినిపించే అవసరం రాలేదు. ఆమె నవ్వుతూ రాసింది.

ఆషాఢంలో మునిరత్నమ్మకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. స్టేషన్లో నీళ్ళ పని, ఏడాది పొడుగునా. క్వార్టరు ఉన్నచోటనే ఉంది. మునెమ్మ అద్దాలు అడిగే హక్కు ఎవరికీ లేకుండా పోయింది. ఆమె ఇప్పుడు స్టేషను దాకా వచ్చి, వేపచెట్టు కింద రాతి మీద కూర్చొని, బండి దిగేవాళ్ళ మొహాలు చూసి వంకలు పెడుతూ ఉండేది.

మధ్యాహ్నం బండ్లు లేని వేళ వేపచెట్టు కింద ఇంకొక పని జరిగేది. ముకుందం బుధవారం వచ్చినప్పుడల్లా నాలుగక్షరాలు, ఒకటి రెండు అంకెలు బొగ్గుతో నాపరాయి మీద రాసి ఇచ్చి పోయేవాడు. మునిరత్నమ్మ వాటిని దిద్దేది. పక్కన దామోదరం కూర్చొని, తను కేవలం నీడకు వచ్చినట్టు అటువైపు చూస్తూ ఉండేవాడు.

"అన్నా, ఇదో చూడు. ఇది 'గ' అంట."

దామోదరం తిరిగి చూశాడు. ముప్పై ఏళ్ళు నోటితో పలికిన అక్షరాన్ని మొదటిసారి తీరిగ్గా, పరీక్షలేమీ లేకుండా చూశాడు.

"ఇంతేనా ఇది?" అన్నాడు. "దీనికా నాకు జొరమొచ్చింది?"

"రాగం తీసి పాడప్పా, వస్తాది," అంది మునెమ్మ అద్దాలు సర్దుకొంటూ.

అంతలో మునిరత్నమ్మ బొగ్గు కింద పెట్టి, చెంబు అందుకొని లేచింది. దామోదరం పోయి సిగ్నలు లాగాడు. ఔటరు దగ్గర చెయ్యి నిండుగా దిగింది. వచ్చే ఇంజను మొహాన తెల్లగా నంబరు ఉంది. అందులో రెండు సున్నాలు ఆమె గుర్తుపట్టింది.